అల్లాయ్ చక్రాలకు స్పేసర్లు వేయించొచ్చా? రోడ్డుకీ ట్రాక్‌కీ ఒకటే లెక్కా?

పెన్నాగట్టు · నెల్లూరు · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. నాది 2014 స్విఫ్ట్ డీజిల్. పోయిన నెల ఒకాయన దగ్గర వాడిన అల్లాయ్ చక్రాలు నాలుగు కొన్నా. సైజు 15 ఇంచీలే, వెడల్పు మాత్రం కంపెనీ రిమ్ము కన్నా ఒక ఇంచి ఎక్కువ. టైర్లు 195/60. బిగించాక చూస్తే ముందు చక్రం లోపలి అంచుకీ షాక్ అబ్జార్బరుకీ మధ్య చిటికెన వేలు కూడా పట్టడం లేదు. గుంతలో దిగినప్పుడు ఒకటి రెండుసార్లు గీసుకున్న చప్పుడు వినపడింది.

మినీ బైపాస్ మీద ఒక షాపులో అడిగితే స్పేసర్లు వెయ్యమన్నారు. రెండు రకాలు చూపించారు. ఒకటి 5 ఎంఎం పల్చటి బిళ్ళ. హబ్బుకీ (ఇరుసు చివర చక్రం ఆనే భాగం) చక్రానికీ మధ్య పెట్టి పాత నట్లే బిగిస్తారంట. రెండోది 20 ఎంఎం దిమ్మ. దాన్ని ముందు హబ్బుకి బిగించి, దానికున్న స్టడ్లకు (నట్టు ఎక్కే మర కడ్డీలు) చక్రం బిగించాలి. అవి వద్దనుకుంటే ఆటోనగర్‌లో లేతు మీద కావలసిన మందంలో కోయించి ఇస్తా, సగం రేటుకే అవుతుంది అన్నాడు.

నా వాడకం చెప్తా. వారంలో రెండుసార్లు ఒంగోలు పోయి రావాలి, హైవే మీద. ఆదివారాలు అమ్మానాన్న, చెల్లెలు బండిలో ఉంటారు. ఈ ఏడు స్నేహితులతో కలిసి మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట ట్రాక్‌కి ఒకసారి పోవాలని కూడా ఉంది. స్పేసర్ వేస్తే చక్రం ఊడిపోద్దని కొందరు, ఏం కాదని కొందరు. ఎవరి మాట వినాలో తెలియక ఇక్కడ అడుగుతున్నా.

రొయ్యలచెరువు · ఇందుకూరుపేట · రాత్రి 9:40

తమ్ముడూ, భయపడబాక. నా జీపుకి 25 ఎంఎంవి నాలుగేళ్ళ నుంచి ఉండాయి. చెరువు గట్ల మీద, మైపాడు రోడ్డు మీద, మేత బస్తాలు వేసుకొని తిరగతా ఉండా. ఇంతవరకు ఏం కాలా. బండి నిలబడే తీరే మారిపోద్ది. మంచి కంపెనీవి తీసుకో, అంతే.

ఒంగోలు_పానా · ఒంగోలు · రాత్రి 10:25

కర్నూలు రోడ్డులో నాకు షెడ్డు ఉంది. పానా పట్టి ఇరవై రెండేళ్ళు. నా మాట ముందే చెప్తా తమ్ముడూ, ఇంట్లోవాళ్ళు ఎక్కే బండికి వద్దు.

రెండేళ్ళ కిందట సింగరాయకొండ దాటినాక హైవే మీద ఒక కారు ముందు ఎడమ చక్రం ఊడి పక్క పొలంలోకి పోయింది. బండి నా షెడ్డుకే వచ్చింది. 5 ఎంఎం బిళ్ళ, పాత స్టడ్లు. నాలుగింటిలో రెండు విరిగినాయి, రెండింటికి మర మొత్తం గీకేసినట్టు పోయింది. దేవుడి దయ, స్పీడు తక్కువగా ఉంది, వెనక లారీ లేదు. బిగించిన షాపు ఏదో తెలుసు, పేరు రాయను. వాళ్ళు చేసిందల్లా నట్లు బిగించే గాలి గన్ను పెట్టి టకటకా కొట్టి పంపడం. నట్టు ఎన్ని చుట్లు ఎక్కిందో ఎవరూ లెక్కపెట్టలా.

ఆ లెక్క నువ్వే ఇంట్లో చూసుకో. బండి జాకీ మీద పెట్టి ఒక నట్టు తీసేసి చేత్తో మళ్ళీ ఎక్కించు. మర పట్టిన దగ్గర్నుంచి బిగుసుకునేదాకా ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకో. కంపెనీ చక్రానికి ఒకసారి, అల్లాయ్‌కి ఒకసారి, షాపతన్ని అడిగి ఆ బిళ్ళ పెట్టి ఒకసారి. మూడు అంకెలూ ఇక్కడ పెట్టు, అప్పుడు మాట్లాడుకుందాం.

గ్రానైట్_రోడ్డు · చీమకుర్తి · రాత్రి 10:51

పానా అన్న మాటే నాదీ. మా వైపు బండలు ఎక్కిన లారీలు తిరిగి తిరిగి రోడ్డు ఎట్టా ఉంటదో తెలిసిందే. కంపెనీ అమరికతోనే ఏడాదికోసారి లోయర్ ఆర్మ్ బుష్షులు, టై రాడ్ ఎండ్లు మారుస్తున్నాం. దానికి తోడు చక్రాన్ని ఇంకా బయటికి జరిపి పెడితే ఎందుకు నిలుస్తాయి?

పెన్నాగట్టు · నెల్లూరు · ఆదివారం ఉదయం 11:05

అన్నా, లెక్కపెట్టా. షాపతను బిళ్ళ ఒకటి చూడటానికని ఇచ్చాడు.

కంపెనీ చక్రం: 12 చుట్లు. అల్లాయ్ ఒక్కటే: 10. అల్లాయ్‌తో పాటు 5 ఎంఎం బిళ్ళ: 6.

బిళ్ళ పెట్టాక నట్టు బయటినుంచి చూస్తే మామూలుగానే ఉంది. చేత్తో తిప్పకపోతే ఈ తేడా నాకు తెలిసేదే కాదు. ఆరు సరిపోతాయా?

మరలమాష్టారు · కావలి · ఆదివారం మధ్యాహ్నం 2:30

నేను పాలిటెక్నిక్‌లో మెషీన్ షాపు చూసుకునేవాణ్ణి, ఈమధ్యే రిటైరయ్యాను. ఆరు చుట్లు చాలవు నాయనా. ఎందుకు చాలవో చెప్తాను.

మీ స్టడ్డు మర ఎం12 × 1.25. అంటే మందం 12 ఎంఎం, ఒక్క చుట్టుకి నట్టు 1.25 ఎంఎం ముందుకు పోతుంది. 5 ఎంఎం బిళ్ళ తిన్నది సరిగ్గా నాలుగు చుట్లు. మీకు పది ఆరు అయింది అందుకే. స్టడ్డు ఎంత లావో కనీసం అంత పొడవు మర నట్టులోకి దిగాలన్నది మేం పిల్లలకు నేర్పే లెక్క. 12 ఎంఎం దిగాలంటే దాదాపు పది చుట్లు. మీ ఆరు చుట్లకు దిగింది 7.5 ఎంఎం. అల్లాయ్ ఒక్కదానితోనే మీరు గట్టు అంచున ఉన్నారు.

చాలామందికి ఉన్న ఒక అపోహ గురించి కూడా చెప్పాలి. కారు బరువును స్టడ్లు కర్రల్లాగా మోస్తాయనుకుంటారు. అవి మోయవు, మోయకూడదు. స్టడ్డు చేసే పని చక్రాన్ని హబ్బుకేసి నొక్కి పట్టడం. బరువునూ బ్రేకునూ మలుపునూ భరించేది ఆ రెండు ముఖాల మధ్య రాపిడి. మీ కారు పుస్తకంలో వీల్ నట్టుకి టార్క్, అంటే తిప్పి బిగించాల్సిన బలం, ఎంత రాశారో చూడండి. 85 న్యూటన్ మీటర్లు అని ఉంటే, మామూలు పొడి మరకు ఒక్కో స్టడ్డు సుమారు 3.6 టన్నుల బలంతో నొక్కుతుంది. నాలుగూ కలిసి 14 టన్నులు దాటుతుంది. టన్ను పైచిలుకు బరువున్న కారుకి ఒక్కో చక్రం దగ్గర అంత నొక్కుడు ఉందంటే తయారుచేసినవాళ్ళు ఎంత జాగ్రత్త పెట్టుకున్నారో చూడండి.

ఆ 3.6 టన్నులు ఎక్కడ దాగి ఉన్నాయి? స్టడ్డు సాగడంలో. నట్టు బిగించినప్పుడు స్టడ్డు రబ్బరులాగా కొంచెం సాగి, మళ్ళీ లాక్కోవాలని చూస్తుంది. 25 ఎంఎం పొడవున్న స్టడ్డు సాగేది మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఇప్పుడు హబ్బు మీద తుప్పు పొర, బిళ్ళకు రెండువైపులా రంగు, అల్లాయ్ వెనక పౌడర్ కోటింగ్ ఉన్నాయనుకోండి. వంద కిలోమీటర్లు తిరిగేసరికి అవి నలిగి ఒక్క 0.03 ఎంఎం తగ్గినా ఆ సాగుడులో సగానికి పైగా పోయినట్టే. నట్టు ఒక్క చుట్టు కూడా వెనక్కి తిరగలేదు, చూడ్డానికి బిగువుగానే ఉంది, నొక్కుడు మాత్రం సగమైపోయింది. ఆ తర్వాత ముఖాలు ఒకదాని మీద ఒకటి జరగడం మొదలవుతుంది. అప్పుడు గానీ స్టడ్డు మీద అడ్డంగా వంపు పడదు. లక్షలసార్లు అలా వంగి వంగి విరుగుతుంది.

ఒంగోలు_పానా గారూ, ఆ విరిగిన స్టడ్లు ఉన్నాయా? విరిగిన ముఖం ఎలా ఉంది?

ఒంగోలు_పానా · ఒంగోలు · ఆదివారం సాయంత్రం 6:15

ఉండాయి సార్, వచ్చినోళ్ళకు చూపిద్దామని డబ్బాలో పెట్టుకున్నా. ఒక పక్క నున్నగా, ఆల్చిప్ప మీద గీతల్లాగా వంపు గీతలు. రెండో పక్క ఓ పావు భాగం గరుకుగా పెచ్చులు లేచినట్టు ఉంది.

మరలమాష్టారు · కావలి · ఆదివారం సాయంత్రం 6:50

ఆ నున్నటి భాగం చాలా రోజుల నుంచి కొంచెం కొంచెంగా పగిలింది. గరుకు భాగం ఆఖరి క్షణంలో విరిగింది. అంటే ఆ బండి చాలా దూరం వదులు చక్రంతోనే తిరిగింది. స్టీరింగులోనో సీటులోనో అదురు తెలిసే ఉంటుంది, రోడ్డు బాగాలేదనుకొని ఉంటారు.

పెన్నాగట్టు · నెల్లూరు · ఆదివారం రాత్రి 8:20

మాష్టారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. 85 అనే ఉంది నా పుస్తకంలో. బిళ్ళ తిరిగి ఇచ్చేశా.

మరి 20 ఎంఎం దిమ్మ సంగతి? దానికి కొత్త స్టడ్లు వస్తాయి కాబట్టి చుట్లు తగ్గవు కదా? లేతు మీద కోయించేది కూడా అడగాలి.

మరలమాష్టారు · కావలి · ఆదివారం రాత్రి 9:35

లేతు సంగతి ముందు. లేతు పనివాళ్ళ నేర్పు మీద నాకు గౌరవం ఉంది, నా చేతి కింద నేర్చుకున్నవాళ్ళు ఈ రెండు జిల్లాల్లోనూ ఉన్నారు. కానీ ఏ పలక దొరికిందో దాన్ని కోసి స్పేసర్ చెయ్యకూడదు. బిళ్ళ రెండు ముఖాలూ సమాంతరంగా ఉండాలి. హబ్బు దగ్గర ఒక పక్కకి పదో వంతు ఎంఎం మందం ఎక్కువైతే టైరు అంచు దగ్గరకు అది నాలుగు రెట్లవుతుంది. అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా ఆ ఊగుడు పోదు. మధ్య చిల్లు హబ్బు మీద కూర్చునే కొలత ఇంకా సున్నితం. మంచి తయారీదారులు 6061 లేదా 7075 రకం అల్యూమినియాన్ని గట్టిపరిచి వాడతారు. ఆటోనగర్ పలక ఏ రకమో కోసేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు.

ఇక దిమ్మ. చుట్లు తగ్గవు, నిజమే. ఒక అతుకు ఉండే చోట రెండు అతుకులు వస్తాయి. దిమ్మని హబ్బుకి బిగించిన నట్లు చక్రం వెనక దాక్కుంటాయి. చక్రం విప్పితే తప్ప వాటి బిగువు చూడలేరు. ఇంకో చిక్కు ఏమిటంటే, పాత స్టడ్లు దిమ్మ మందం కన్నా పొడవుంటే వాటి మొనలు బయటికి పొడుచుకొస్తాయి. అల్లాయ్ వెనక గుంటలు లేకపోతే చక్రం ఆ మొనల మీద ఆనుతుంది, దిమ్మ ముఖం మీద ఆనదు. చూడ్డానికి బిగుసుకుంటుంది. అలాంటప్పుడు స్టడ్లు కోసేయమని సలహా ఇస్తారు కొందరు, దయచేసి ఆ పని చేయకండి.

మధ్య కూర్పు కూడా చూసుకోవాలి. మారుతి హబ్బు మధ్య బొడ్డు 54.1 ఎంఎం. చక్రం ఆ బొడ్డు మీద కూర్చుంటే హబ్ సెంట్రిక్ అంటారు. బొడ్డు బయటికి ఉండేదే కొద్ది మిల్లీమీటర్లు, బిళ్ళ వేస్తే అది మింగేస్తుంది. అందుకే స్పేసర్‌కే ఇంకో బొడ్డు తీసి ఉండాలి. అది లేకపోతే చక్రాన్ని మధ్యలో నిలిపేది నట్ల కోన్లు, అంటే వాటి ఏటవాలు అంచులు, మాత్రమే.

రొయ్యలచెరువు · ఇందుకూరుపేట · ఆదివారం రాత్రి 10:10

మాష్టారూ, మీరు చెప్పేది చదవతా ఉంటే నాకు లోపల ఎట్టానో ఉంది. నాలుగేళ్ళలో పంక్చర్లకి చక్రం తీసినారు గానీ లోపల నట్లు ఎవరూ ముట్టుకోలా. రేపు పొద్దున తీయించి చూస్తా.

మూడో_మలుపు · సూళ్లూరుపేట · సోమవారం ఉదయం 7:45

ట్రాక్ మాట వచ్చింది కాబట్టి నా అనుభవం. నాది పోలో. ఇరుంగాట్టుకోటలో ఏడాదికి మూడు నాలుగు ట్రాక్ డేలు చేస్తా. 3.7 కిలోమీటర్ల ట్రాక్ అది, ఇరవై నిమిషాల సెషన్‌లో చక్రం మీద పడే భారం మన హైవే మీద నెల రోజులు తిరిగినా పడదు. ముందు చక్రాలకు 15 ఎంఎం స్పేసర్లు ఉన్నాయి, హబ్ సెంట్రిక్, జర్మన్ తయారీ. పెద్ద బ్రేక్ కాలిపర్ చక్రం పుల్లలకు తగలకుండా వేశా. అందం కోసం కాదు.

పోలోకి స్టడ్లుండవు, బోల్టులు. ఎం14 × 1.5, టార్క్ 120 న్యూటన్ మీటర్లు. 15 ఎంఎం స్పేసర్ వేస్తే బోల్టు కూడా పాతదాని కన్నా 15 ఎంఎం ఎక్కువ పొడవున్నది రావాలి. అది చక్రంలోంచి, స్పేసర్‌లోంచి హబ్బులోకి ఒకటే పోతుంది. దిమ్మల్లాగా రెండు అతుకుల గొడవ ఉండదు. కానీ ఫోక్స్‌వాగన్ బోల్టు తల కింద గుండ్రంగా బంతిలా ఉంటుంది. బయట దొరికే పొడవు బోల్టులు ఎక్కువ శాతం కోన్ తలవి. బంతి గుంటలో కోన్ బోల్టు పెడితే ఆనేది సన్నటి గీత మీదే. టార్క్ రెంచ్ (పెట్టిన బిగువు రాగానే క్లిక్‌మనే పానా) క్లిక్‌మంటుంది, పట్టు ఉండదు. నాకు మొదటిసారి అవే అంటగట్టారు. చక్రం లోపల రంగు ఎక్కడ గీసుకుందో చూసి పట్టుకున్నా. స్పేసర్ తీసేసినప్పుడు పొడవు బోల్టులు మళ్ళీ వాడకండి, అవి హబ్బు వెనక్కి పొడుచుకెళ్ళి లోపల భాగాలకు తగులుతాయి.

సెషన్ అయ్యాక ప్రతిసారీ చక్రాలు చల్లారనిచ్చి టార్క్ చూస్తా. బ్రేకుల వేడికి హబ్బు కాగి ఉన్నప్పుడు బిగిస్తే లెక్క తప్పుతుంది. రెండేళ్ళలో ముందు బేరింగులు ఒకసారి మార్చా. ఇంటికొచ్చాక స్పేసర్లు తీసి ముఖాలు వైర్ బ్రష్‌తో తుడిచి మళ్ళీ పెడతా.

రేసు కార్లలో స్పేసర్లు మామూలే. పోర్షే కంపెనీ తన 911లకు 5 ఎంఎం, 17 ఎంఎం స్పేసర్లు తనే ఇచ్చింది. కాబట్టి వస్తువే చెడ్డదంటే ఒప్పుకోను. చక్రం విప్పి చూసే ఓపిక ఉన్నవాడికే అది తగును. నువ్వు ట్రాక్‌కి ఏడాదికి ఒక్కసారి పోయి మిగతా 364 రోజులు అమ్మానాన్నతో తిరిగే బండి కాబట్టి నా సలహా వేరే. వద్దు.

ఒంగోలు_పానా · ఒంగోలు · సోమవారం ఉదయం 9:00

ఈ అన్న చెప్పింది బంగారం. నా దగ్గరికి వచ్చే నూరు మందిలో చక్రం విప్పి చూసుకునేవాడు ఒక్కడుంటే గొప్ప. ఆయన ట్రాక్ మీద తీసుకునే జాగ్రత్త మన రోడ్ల మీద ఎవరు తీసుకుంటారు? అందుకే నేను రోడ్డు బండికి వద్దనేది.

మరలమాష్టారు · కావలి · సోమవారం ఉదయం 10:20

ఇక్కడ పానా గారితో కొంచెం విభేదిస్తాను. పొడవు స్టడ్లు వేసి, బొడ్డున్న మంచి స్పేసర్ పెట్టి, ముఖాలు శుభ్రం చేసి, టార్క్ రెంచ్‌తో బిగించి, వంద కిలోమీటర్లకు మళ్ళీ చూసుకుంటే రోడ్డు మీద కూడా నిలుస్తుంది. పొడవు స్టడ్డు ఎక్కువ సాగుతుంది కాబట్టి ముఖాలు కాస్త నలిగినా దాని నొక్కుడు పొట్టి స్టడ్డంత తొందరగా పోదు. జర్మనీలో ఆ స్పేసర్‌కి తనిఖీ పత్రం ఉంటే రోడ్డు మీద అనుమతిస్తారు. ఆస్ట్రేలియా నిబంధనల్లో మాత్రం కంపెనీ అమర్చినవి తప్ప స్పేసర్లు కూడదన్నారు. రెండూ ఆలోచనతో చేసినవే.

బేరింగుల మాట కూడా సరిగ్గా చెప్పుకోవాలి. చక్రం 20 ఎంఎం బయటికి జరిగితే, ఆ చక్రం మీద 350 కిలోల బరువుంటే, బేరింగుని వంచే బలం 7 కిలోగ్రామ్ మీటర్లు పెరుగుతుంది. గుంతలో పడ్డప్పుడు అది రెండు మూడు రెట్లు. కానీ స్పేసర్ లేకుండా ఆఫ్‌సెట్ 20 తక్కువున్న చక్రం వేసినా బేరింగుకు పడే భారం అచ్చంగా అంతే. ‘స్పేసర్ వేయలేదు, వెడల్పు అల్లాయ్ వేశాను’ అని ధైర్యపడేవాళ్ళు ఇది గమనించాలి.

పెన్నాగట్టు · నెల్లూరు · సోమవారం మధ్యాహ్నం 1:15

ఆఫ్‌సెట్ అంటే చక్రం వెనక ఈటీ అని రాసి ఉంటదే, అదేనా సార్? నా కొత్త అల్లాయ్‌ల ఈటీ పాతవాటి కన్నా 5 ఎక్కువ ఉంది. కొనేటప్పుడు నాకు పీసీడీ (నట్ల రంధ్రాల వలయం కొలత) 4 × 100 సరిపోయిందా లేదా అన్నదే తెలుసు.

మరలమాష్టారు · కావలి · సోమవారం మధ్యాహ్నం 1:50

అదే. రిమ్ము మధ్య గీత నుంచి హబ్బు ఆనే ముఖం ఎంత బయటికి ఉందో ఆ దూరం. మీ రోగం ఇక్కడే ఉంది. వెడల్పు ఒక ఇంచి పెరిగితే లోపలికి అరంగుళం, అంటే 12.7 ఎంఎం వస్తుంది. ఈటీ 5 పెరిగింది కాబట్టి ఇంకో 5. మొత్తం దాదాపు 18 ఎంఎం లోపలికి వచ్చి షాక్ అబ్జార్బరుని గీరుతోంది. 5 ఎంఎం బిళ్ళతో ఇందులో మూడో వంతు కూడా తీరదు. 20 ఎంఎం దిమ్మ వేస్తే లోపల తీరి, బయట మడ్‌గార్డు అంచుకు వస్తుంది.

దిమ్మతో ఇంకోటి కూడా మారుతుంది. స్టీరింగ్ తిరిగే ఇరుసు గీతను నేలదాకా పొడిగిస్తే అది టైరు అచ్చు మధ్యకు కొంత దూరంలో తగులుతుంది. ఆ దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. బ్రేకు పైపులు ఐమూలగా రెండు జతలు చేసిన కార్లలో, ఒక జత ఫెయిలైనా బండి పక్కకి లాగకుండా ఈ దూరాన్ని కంపెనీవాళ్ళు చూసి పెడతారు. చక్రం బయటికి జరిపితే ఆ లెక్క పోతుంది. ఒక పక్క టైరు ఇసుకలో, ఇంకో పక్క తారు మీద ఉండి బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ చేతిలోంచి లాక్కుంటుంది.

కోర్టువీధి · గూడూరు · సోమవారం సాయంత్రం 5:30

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు, అందుకని రాస్తున్నా. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణలో, అనుమతి లేని మార్పుకి యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని సెక్షన్ 182ఏ కింద పెట్టారు.

జరిమానా కన్నా నేను భయపడేది బీమాకి. ప్రమాదం జరిగి ఇంకొకరికి దెబ్బ తగిలితే సర్వేయర్ ముందు చూసేది చక్రాలూ బ్రేకులే. చెప్పకుండా చేసిన మార్పు కనపడితే క్లెయిము మీద పేచీ మొదలైపోతుంది. ఆ కుటుంబాలు మా ఆఫీసు బల్ల మీద కాగితాలు పట్టుకొని ఏళ్ళ తరబడి కూర్చోవడం నేను చూస్తున్నా.

రొయ్యలచెరువు · ఇందుకూరుపేట · సోమవారం రాత్రి 8:45

తీయించినా. నాలుగూ.

ముందు రెండూ బయటికి రావడానికే గంటన్నర పట్టింది. చెరువుల ఉప్పునీళ్ళకి అల్యూమినియం తెల్లటి పొడి లేసి ఇనప హబ్బుకి అతుక్కుపోయుండాది. కొయ్య ముక్క పెట్టి సుత్తితో కొట్టి కొట్టి తీసినారు. వెనక కుడి దానికి లోపలి నట్లు అయిదింట్లో రెండు చేత్తోనే తిరిగినాయి. ఒక స్టడ్డు కింద రంధ్రం కోలగా అరిగిపోయుండాది.

మొన్న దసరాకి ఇదే బండిలో ఇంటిల్లిపాదిమి శ్రీశైలం పొయ్యొచ్చినాం. దోర్నాల దాటి ఆ ఘాటు మలుపులన్నీ ఈ చక్రాలతోనే దిగినాం. మనవరాలు నా భార్య ఒళ్ళో ఉండింది. రాత్రికి నిద్ర పట్టేటట్టు లేదు.

తమ్ముడూ, పైన నేను రాసింది పట్టించుకోబాక. నాలుగేళ్ళు ఏం కాలా అన్నా. చూడలా, అందుకని తెలియలా.

మూడో_మలుపు · సూళ్లూరుపేట · సోమవారం రాత్రి 9:05

బాబాయ్, మీరు విప్పి చూసి ఇక్కడ రాసినందుకు చాలా సంతోషం. ఆ కోలగా అరిగిన స్పేసర్ మళ్ళీ ఎక్కించకండి, ఎవరికీ అమ్మకండి కూడా. హబ్బు స్టడ్లు అయిదూ మార్పించండి. వదులుగా తిరిగిన చక్రానికి ఒక స్టడ్డు అరిగిందంటే మిగతా నాలుగూ ఎంతో కొంత దెబ్బతినే ఉంటాయి, పగులు కంటికి కనపడదు.

ఒంగోలు_పానా · ఒంగోలు · సోమవారం రాత్రి 9:30

కంపెనీ చక్రాలు అటక మీద ఉంటే అవే దించి వేసుకోండి అన్నా. హబ్బు బొడ్డు చుట్టూ గ్రీజు పల్చగా పూయించండి, ఉప్పుగాలికి మళ్ళీ అతుక్కోదు. ముఖం మీద వద్దు, మరల మీద అసలొద్దు. మరకి గ్రీజు ఉంటే అదే టార్క్‌కి స్టడ్డు ఎక్కువ సాగుద్ది.

రొయ్యలచెరువు · ఇందుకూరుపేట · సోమవారం రాత్రి 9:42

ఉండాయి. రేపే.

గ్రానైట్_రోడ్డు · చీమకుర్తి · మంగళవారం ఉదయం 6:50

ఒక సందేహం. పొడవు స్టడ్లు వేయించుకుంటే మూత ఉన్న నట్లు, అవే మెరిసే టోపీ నట్లు, వాడొచ్చా?

మరలమాష్టారు · కావలి · మంగళవారం ఉదయం 8:10

మంచి ప్రశ్న. స్టడ్డు పొడవైతే దాని మొన టోపీ లోపల అడుగుకు తగిలి అక్కడే ఆగిపోతుంది. చేతికి గట్టిగా బిగిసినట్టే అనిపిస్తుంది, టార్క్ రెంచ్ కూడా క్లిక్‌మంటుంది, చక్రం మాత్రం వదులుగానే ఉంటుంది. అందుకే నట్టు లోతు స్టడ్డు పొడవుతో కొలుచుకోవాలి, లేదా రెండువైపులా తెరిచి ఉన్న నట్లు వాడాలి.

పెన్నాగట్టు · నెల్లూరు · ఆ పై ఆదివారం రాత్రి 9:50

ఆలస్యమైంది, పని అయ్యాక రాద్దామని ఆగా.

ఆ అల్లాయ్‌లు తిరిగి అమ్మేశా, రెండు వేలు నష్టం. కంపెనీ వెడల్పుకి అర ఇంచి మాత్రమే ఎక్కువ, ఈటీ కూడా దగ్గరగా ఉన్నవి ఒంగోలులో పానా అన్న చూసిపెట్టాడు. మధ్య చిల్లు 73.1 ఉంటే 54.1కి రింగులు తెప్పించి వేశాడు. స్పేసర్ లేదు. నట్టు చేత్తో ఎక్కించి లెక్కపెట్టుకున్నా, పదకొండు చుట్లు. లోపల షాక్ అబ్జార్బరుకి నా వేలు సుఖంగా పడుతోంది.

అన్న హబ్బు ముఖాలు తోమి, గన్ను ముట్టుకోకుండా నక్షత్రం వరసలో చేత్తో బిగించి, ఆఖర్న టార్క్ రెంచ్ నా చేతికే ఇచ్చాడు. బీమా ఏజెంటుకి చక్రాలు మార్చినట్టు మెయిలు పెట్టా. ట్రాక్‌కి పోవడం ఈ ఏడు కుదరదేమో, పోతే మూడో_మలుపు అన్నతోనే పోతా.

ఒంగోలు_పానా · ఒంగోలు · ఆదివారం రాత్రి 10:05

వంద కిలోమీటర్లకి మళ్ళీ చూడాలని చెప్పినా, గుర్తుందా?

పెన్నాగట్టు · నెల్లూరు · ఆదివారం రాత్రి 10:12

చూశానన్నా. నిన్న మీ షెడ్డు నుంచి ఇంటికి 120 కిలోమీటర్లు. పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు నాన్న టార్చి పట్టుకుంటే పదహారు నట్లూ చూశా. పదిహేను 85 దగ్గరే క్లిక్‌మన్నాయి. వెనక ఎడమ వైపు ఒకటి గోరంత కదిలింది. దాన్ని బిగించి సుద్దతో గీత పెట్టా, బుధవారం ఒంగోలు వచ్చినప్పుడు ముందు దాన్నే చూద్దాం.